ఓదెలు చేతుల వణుకు

నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జనవరి మొదటి వారంలో, నన్ను ఏరియా ఆసుపత్రి మందుల స్టోరు నుంచి ఒక కాలనీ డిస్పెన్సరీకి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫార్మసిస్టు. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు కాలనీల్లో అలాంటి డిస్పెన్సరీలు చాలా ఉన్నాయి. అది ఏదో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పనిచేయనివాళ్లకు తెలియక్కర్లేదు.

డిస్పెన్సరీ అంటే నాలుగు గదులు, ఒక డాక్టరు, ఒక నర్సు, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరు, ఒక ఆయా, మందుల కౌంటరు వెనక నేను. మేమంతా అక్కడే పాతుకుపోయినవాళ్లం. డాక్టరు మాత్రం ఏరియా ఆసుపత్రి నుంచి వంతులవారీగా వచ్చేవారు. ఒకరు రెండు నెలలుంటే గొప్ప. వచ్చినవారు కుర్చీ ఎత్తు సరిచేసుకునేలోపే మరొకరి పేరుతో ఆర్డరు వచ్చేది.

మా బొగ్గు కంపెనీలో ప్రతి కార్మిక కుటుంబానికీ ఒక మెడికల్ బుక్ ఉంటుంది. డాక్టరు రోగిని చూసి అందులో రాస్తారు, నేను అది చూసి మందులిస్తాను. బీపీ, షుగరు లాంటి దీర్ఘరోగాలవాళ్లు నెలకొకసారి వస్తారు. మందులు మార్చేదేమీ లేనప్పుడు డాక్టర్లు పేర్లన్నీ మళ్లీ రాయరు. సి.ఎస్.టి. అని మూడక్షరాలు గీకి సంతకం పెడతారు. కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్, అంటే పాత మందులే ఇవ్వమని. డాక్టర్ల దస్తూరీ ఎవరికీ అర్థం కాదంటారు గానీ, నా సర్వీసులో ఆ మూడక్షరాలు అర్థంకాని బుక్కు ఒక్కటీ నేను చూడలేదు. అంత శ్రద్ధగా రాసేవారు.

ఓదెలును నేను మొదటిసారి చూసింది ఆ జనవరిలోనే. నలభై ఒక్కేళ్ల మనిషి, పొట్టిగా, గుండ్రటి ముఖంతో, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టుతో ఉండేవాడు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. శరీర కణాల్లో ఒక క్రోమోజోము అదనంగా ఉండడం వల్ల వచ్చే స్థితి అది. మాట కొంచెం ముద్దగా ఉంటుంది, నేర్చుకోవడం నెమ్మది. నేర్చుకున్నది మాత్రం మరిచిపోయే రకం కాదు. తండ్రి బాయిలో, అంటే భూగర్భ గనిలో, బొగ్గు నింపే ఫిల్లరుగా చేసి చనిపోతే, ఆ ఉద్యోగం అక్క సరోజనకు వచ్చింది. ఆమె కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో జనరల్ మజ్దూర్. కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తిపోసే పని. పెళ్లయి, భర్త వదిలేసి, తమ్ముడే కుటుంబంగా బతుకుతోంది. ఆమె మెడికల్ బుక్కులో డిపెండెంటుగా ఉన్నది ఓదెలు ఒక్కడే.

ఓదెలును కాలనీలో తెలియనివాళ్లు లేరు. కారణం మహబూబ్ భాయ్ టైలరు దుకాణం. కంపెనీ ఇచ్చే యూనిఫారం గుడ్డ కుట్టేది అక్కడే. కుట్టిన ప్రతి చొక్కాకూ గుండీలు వేసేది ఓదెలు. నాలుగు కన్నాల గుండీకి దారం అడ్డంగా, నిలువుగా తీసి, వెనక మూడు చుట్లు చుట్టి ముడి వేసేవాడు. పదహారేళ్లుగా అదే పని. గుడ్డ చిరిగినా గుండీ ఊడదని కార్మికులు చెప్పుకునేవారు. మా డాక్టర్ల తెల్ల కోట్లకు గుండీలు వేసిందీ అతనే. ఏటా వికలాంగ డిపెండెంటుగా నమోదును పునరుద్ధరించుకోవడానికి అతను వచ్చినప్పుడు, ఆ కోటు తొడుక్కునే ఒక డాక్టరు 'ఉపయోగకరమైన పని ఏదీ చేయలేడు' అని సర్టిఫికెట్టు రాసేవారు. అలా రాయకపోతే వైద్య సదుపాయం పోతుంది కాబట్టి సరోజన నోరు మూసుకునేది.

నేను చూసేనాటికే అతని చేతులు వణుకుతున్నాయి. కౌంటరు మీద పెట్టిన కుడిచేయి, బొటనవేలూ చూపుడువేలూ గోలీ నలుపుతున్నట్టు, దానంతటది కదిలేది. నడకలో చేతులు ఊగేవి కావు. ముఖంలో నవ్వు ఆలస్యంగా వచ్చేది. నాలుగు నెలల నుంచీ ఇంతేనని సరోజన చెప్పింది. ఎందుకని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో సిద్ధాంతం. మా డ్రెస్సరు లెక్క ప్రకారం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగే కారణం. మధ్యాహ్నం పేలుళ్లకు ఇళ్ల గోడలే పగుళ్లిస్తుంటే మనుషులు వణకరా అని అతని వాదన. మరి మిగతా కాలనీ ఎందుకు వణకడం లేదని అడిగితే, వాళ్లు అలవాటు పడ్డారన్నాడు. ఆయా ఎవరో చేతబడి చేశారంది. డాక్టర్లు మాత్రం చదువుకున్నవాళ్లు కాబట్టి మూఢనమ్మకాల జోలికి పోలేదు. 'డౌన్ సిండ్రోమ్ కదమ్మా, అలాగే ఉంటుంది' అన్నారు. నలభై ఒక్కేళ్లలో నలభై ఏళ్లు అలా ఎందుకు లేదన్నది డ్రెస్సరును అడిగినట్టు వాళ్లను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అతని బుక్కులో అప్పటికి మూడు మందులున్నాయి. తల తిరగడానికి సిన్నరిజిన్ రోజుకు మూడు, వణుకు తగ్గడానికి ఒక మాత్ర, మలబద్ధకానికి రాత్రి ఒక పొడి. కింద సి.ఎస్.టి. నేను ఇచ్చాను.

ఫిబ్రవరిలో సిన్నరిజిన్ స్టాకు అయిపోయింది. మేము పెట్టిన ఇండెంటు, అంటే మందుల కోరిక పత్రం, ఏరియా స్టోరులో ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది. అలాంటప్పుడు ఆ మందు పక్కన ఎన్.ఎ. అని స్టాంపు వేస్తాం. లేదు అని అర్థం. తల తిరగడం ఇప్పుడు లేదు కాబట్టి బయట కొననవసరం లేదని సరోజనే అంది.

మార్చిలో స్టాకు వచ్చింది. ఆ రోజు సరోజనకు ఫస్టు షిఫ్టు కావడంతో ఓదెలు ఒక్కడే వచ్చాడు. నేను మందులన్నీ కవరులో వేసి ఇస్తే అతను కవరు విప్పి, ఒక్కొక్క షీటూ బయటకు తీసి, సిన్నరిజిన్ షీటును ఏరి నా వైపు తోశాడు.

"గిది వద్దక్కా. గిది లేనప్పుడే మంచిగుండె."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే పిల్లలు చేదు మందు వద్దన్నప్పుడు నవ్వే నవ్వు అది. డాక్టరుగారు రాశారు, వేసుకోవాలని చెప్పి షీటు తిరిగి కవరులో పెట్టి, పిన్ను కూడా కొట్టాను. నలభై ఒక్కేళ్ల మనిషి తన ఒంటి గురించి చెప్పిన ఒక వాక్యాన్ని స్టేపులు చేసి అతనికే ఇచ్చి పంపించాను.

తర్వాత మూడు నెలల్లో పరిస్థితి చెడింది. చొక్కా గుండీలు వేయడం మాట అటుంచి, తన చొక్కాకు తాను గుండీలు పెట్టుకోలేకపోయాడు. మహబూబ్ భాయ్ అతన్ని మానిపించలేదు. ఇస్త్రీ చేసిన బట్టలు మడతపెట్టమని కూర్చోబెట్టాడు. నోరు మరీ ఎండిపోయేది, ఒంటేలు కష్టమయ్యేది. పేర్లు తడబడేవాడు. ఒకరోజు దుకాణం నుంచి ఇంటికి దారి తప్పి బసంత్‌నగర్ వైపు రోడ్డు మీద లారీల మధ్య నడుస్తూ కనిపించాడు. తెలిసిన డ్రైవరు ఎక్కించుకొచ్చాడు. అది విన్న అప్పటి డాక్టరు మతిమరుపు జబ్బు మొదలైందని నాలుగో మందు రాశారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో నలభై దాటాక ఆ జబ్బు ఇతరులకన్నా ముందుగా, ఎక్కువగా వస్తుందన్నది నిజమే. పుస్తకాల్లో ఉంది. నిజమైన మాటతో ఉన్న చిక్కే అది. దాన్ని ఒకసారి పైన కప్పితే కింద ఏముందో ఎవరూ ఎత్తి చూడరు.

హైదరాబాదులో నరాల డాక్టరుకు చూపించాలని సరోజన రిఫరల్ అడిగింది. కంపెనీ ఖర్చుతో పెద్ద ఆసుపత్రికి పంపాలంటే రిఫరల్ లెటరు కావాలి, అది ఇవ్వాలా వద్దా అని ఏరియా ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు తేలుస్తుంది. జూన్‌లో బోర్డు కూర్చుంది. డిస్పెన్సరీ నుంచి కేసు ఫైలు పట్టుకెళ్లాల్సింది మేమే కాబట్టి నేను వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఫార్మసిస్టుకు బోర్డు గదిలో కుర్చీ ఉండదు.

సూపరింటెండెంట్ గారు మధ్యలో కూర్చున్నారు. మంచి మనిషి, వక్త. ఆగస్టు పదిహేనుకు ఆయన ఉపన్యాసం వినడానికి రోగులు కూడా మంచాలు దిగేవారు. ఆయన ఓదెలు వైపు ఒకసారి చూసి, సరోజనను అడగడం మొదలుపెట్టారు. ఎప్పటినుంచి వణుకు? తింటాడా? దొడ్డికి తనే వెళ్తాడా? తన పేరు చెప్పగలడా?

"నన్నడుగుండ్రి సారూ," అన్నాడు ఓదెలు. "నా పేరు నాకు ఎరికే."

సూపరింటెండెంట్ గారు ఎంతో దయగా నవ్వి, మళ్లీ సరోజననే అడిగారు. మొత్తం పది నిమిషాలు. ముగ్గురిలో ఒక్కరూ అతని చేయి పట్టుకుని చూడలేదు. మెడికల్ బుక్కు బల్ల మీద ఉంది, తెరిచింది మాత్రం సంతకం పెట్టే పేజీ. 'పుట్టుకతో ఉన్న స్థితిలో భాగంగా క్రమేణా పెరిగే మతి క్షీణత. రిఫరల్ అవసరం లేదు. నిరంతర పర్యవేక్షణ కావాలి. సి.ఎస్.టి.'

నిరంతర పర్యవేక్షణ అని రాయడానికి మూడు సెకన్లు పడుతుంది. చేయడానికి ఒక మనిషి జీవితం పడుతుంది. సరోజన మూడు షిఫ్టుల్లో డ్యూటీ చేస్తుంది. ఉద్యోగం మానేస్తే ఇద్దరికీ తిండి లేదు, ఉండే క్వార్టరు పోతుంది, మెడికల్ బుక్కూ పోతుంది. ఆమె రెండు వారాలు తిరిగి, కరీంనగర్ అవతల ఒక హోము చూసి వచ్చింది. జూలై మొదటి సోమవారం చేర్చుకుంటామన్నారు. ఒకసారి చేర్చాక నెలకొకసారి చూడనిస్తారట. ఆ మాట ఓదెలుకు ఎలా చెప్పాలో తెలియక మహబూబ్ భాయ్ చేత చెప్పించింది. విని అతను అడిగింది ఒక్కటే, అక్కడ బట్టలు కుడతరా అని.

హోములో చేర్చడానికి ఇంతవరకు జరిగిన వైద్యం వివరాలు ఒక కాగితం మీద రాసి డిస్పెన్సరీ ముద్ర వేయించుకు రమ్మన్నారు. సరోజన తన ప్లే డే నాడు, అంటే వారపు సెలవు రోజున, తమ్ముణ్ని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఇది వైద్యం కాదు, గుమాస్తా పని. అందుకే నాకు అప్పగించారు. నేను మెడికల్ బుక్కు మొదటి పేజీ నుంచి తెరిచి, ఎడమవైపు తేదీ, కుడివైపు మందు, దాని పక్కన ఆనాడు రోగి చెప్పిన బాధ, ఇలా మూడు గడులు గీసి నింపడం మొదలుపెట్టాను.

అలా వరసన రాస్తుంటే కనిపించింది. కిందటి ఏడాది మే నెలలో ఒక పెళ్లికి మంచిర్యాల వెళ్లి, ఎండలో బస్సు కోసం నిలబడి, ఓదెలుకు తల తిరిగి వాంతయింది. ఆనాటి డాక్టరు సిన్నరిజిన్ రాశారు. పక్కన 'ఐదు రోజులు' అని ఉంది. ఐదు రోజుల తర్వాత ఆ డాక్టరు మారారు. జూన్‌లో కొత్త డాక్టరు సి.ఎస్.టి. రాశారు. ఆ ఐదు రోజులు పదమూడు నెలలయ్యాయి. వణుకన్న మాట బుక్కులో మొదటిసారి కనిపించేది సెప్టెంబరులో, సిన్నరిజిన్ మొదలైన నాలుగు నెలలకు. అక్టోబరులో వణుకుకు మాత్ర. డిసెంబరులో మలబద్ధకం, నోరెండడం. దానికి పొడి. ఏప్రిల్‌లో మతిమరుపు. దానికి ఇంకో మాత్ర. ఒక మందు తెచ్చిన బాధకు రెండో మందు, అది తెచ్చిన బాధకు మూడోది, నాలుగోది. అందులో వణుకుకు ఇచ్చిన మాత్రా, మతిమరుపుకు ఇచ్చిన మాత్రా శరీరంలో ఒకదానికొకటి ఎదురు పనిచేసేవి. ఒకటి బ్రేకు తొక్కుతుంటే ఇంకొకటి యాక్సిలరేటరు తొక్కుతోంది. బండి ఊగుతోందని ఆశ్చర్యపోతున్నవాళ్లం మేము.

సిన్నరిజిన్ ఎక్కువ కాలం వాడితే కొందరిలో చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకోవడం వస్తాయని ఫార్మసీ చదివిన ప్రతివాళ్లూ పరీక్షలో రాస్తారు. నేనూ రాసి పాసయ్యాను. ముప్పై రెండేళ్ల తర్వాత అది నా బల్ల మీదికి వస్తే గుర్తుపట్టలేదు.

ఫిబ్రవరి వరసకు వచ్చేసరికి నా స్టాంపు కనిపించింది. ఎన్.ఎ. సరోజనను అడిగాను, ఆ నెలలో ఎలా ఉండేవాడని. ఆమె ఆలోచించేలోపు ఓదెలే చెప్పాడు, ఆ నెల ఆఖర్లో సూదిలో దారం తనే ఎక్కించానని. నమ్మాలో లేదో తెలియక మహబూబ్ భాయ్‌కి ఫోను చేశాను. నిజమేనన్నాడు. ఆ నెలాఖరుకు పది పన్నెండు చొక్కాలకు ఓదెలే గుండీలు వేశాడట, మార్చిలో మళ్లీ మొదటికొచ్చిందట. నేను నమ్మడానికి రెండో సాక్షి కావలసివచ్చింది. మొదటి సాక్షి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

పదమూడు నెలల్లో ఆరుగురు డాక్టర్లు, ఒక బోర్డు చేసిన వైద్యంలో ఓదెలుకు పనిచేసింది ఒకే ఒక్కటి, స్టాకు లేకపోవడం.

ఫార్మసిస్టు మందు ఆపకూడదు. మార్చకూడదు. అనుమానముంటే డాక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ వారం మొదట్లో మాకు డాక్టరు లేరు కాబట్టి, నేను నా మూడు గడుల కాగితాన్ని స్టాకు రిజిస్టరు నకలుతో సహా 'తమ దయగల పరిశీలనార్థం' అని సూపరింటెండెంట్ గారికి పంపాను. ఇండెంటుకు జవాబు రావడానికి ఆరు వారాలు పట్టే ఆఫీసు నుంచి దీనికి మరునాడే వచ్చింది. మెమో. రోగ నిర్ధారణ చేయడం ఫార్మసిస్టు హోదాకు మించిన పని అనీ, బోర్డు నిర్ణయాన్ని ప్రశ్నించినందుకు నాపై ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ. నేను నిర్ధారణ ఏమీ చేయలేదని, తేదీలు వరసగా రాశానని జవాబు పంపాను. తేదీలు వరసగా రాయడం మా సంస్థలో నిర్ధారణతో సమానమని అప్పుడే తెలిసింది.

ఆ గురువారం వంతులో డాక్టర్ ఫర్హానా వచ్చింది. మంచిర్యాల అమ్మాయి, కాంట్రాక్టు మీద చేరి నాలుగు నెలలు. కాంట్రాక్టు డాక్టరంటే మా దర్జాల మెట్లలో నాకన్నా ఒక మెట్టు పైన, ఉద్యోగ భద్రతలో పది మెట్లు కింద. కాగితం ఆమెకు ఇచ్చి, మెమో సంగతి కూడా చెప్పాను. తెలియకుండా ఇరికించడం నాకు ఇష్టం లేదు. ఆమె రెండుసార్లు చదివి, ఓదెలును పిలిపించమంది.

ఆమె చేసిన పని ఏమీ అద్భుతం కాదు. అతన్ని కూర్చోబెట్టి, తన కుర్చీ అతని ఎదురుగా జరుపుకుని, అతన్నే అడిగింది. చేతులు చాపించింది. మోచేయి వంచి బిగువు చూసింది. నడిపించింది. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయించింది. ఏ మందు వేసుకుంటే ఏమవుతుందని అడిగితే, అతను మూడు షీట్లను రంగుల్ని బట్టి వేరుచేసి, పొడిని పక్కన పెట్టి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. దారి తప్పిన రోజు సంగతీ చెప్పాడు. అంతా మసకగా కనిపించిందట. వణుకు మాత్రకు చూపు మసకబారడం ఉంది. అరగంట పట్టింది. బోర్డు వాడిన సమయానికి మూడింతలు.

థైరాయిడు, కాల్షియం, బి పన్నెండు, షుగరు, మెడ ఎక్సరే రాసింది. వేరే కారణాలు లేవని తేలకుండా ఒకదాన్నే పట్టుకోకూడదంది. మెడికల్ కాలేజీలో తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు ఫోను చేసి మాట్లాడింది. పరీక్షల్లో మిగతావన్నీ సరిగానే ఉన్నాయి, థైరాయిడు మాత్రం మందగించింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఏటా చూడాల్సిన పరీక్ష అది. ఎన్నేళ్లుగానో ఎవరూ రాయలేదు. అంటే అతని పుట్టుకకు నిజంగా సంబంధించినదాన్ని ఎవరూ చూడలేదు, సంబంధం లేనిదాన్నంతా దాని నెత్తిన పెట్టారు.

పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా సిన్నరిజిన్ ఆ గురువారమే ఆపింది. వణుకు మాత్రను ఒక్కసారిగా కాక మూడు వారాల్లో తగ్గించాలంది. సరోజన అప్పటివరకు నిలబడి వింటోంది. నాలుగూ కవరుతో సహా ఇప్పుడే పెంటకుప్పలో వేస్తానంది. అలా ఒక్కసారి ఆపితే ప్రమాదమని నేను చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది.

"ఏడాది సంది ఇచ్చెటప్పుడు లేని భయం, ఆపెటప్పుడు ఎందుకు మేడం?"

డాక్టర్ ఫర్హానా ఏ వారం ఎంత తగ్గించాలో ఒక కాగితం మీద రాసి ఆమెకు ఇచ్చింది. అలా అడిగినా, సరోజన ఆ కాగితం ప్రకారమే చేసింది. బెల్టు కింద పనిచేసే మనిషికి, కోపం వచ్చినా స్విచ్చు ఏ వరసలో ఆపాలో తెలుసు.

ఇక హోము సంగతి మిగిలింది. సోమవారానికి నాలుగు రోజులుంది. మందు దిగి వణుకు తగ్గడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా తగ్గకపోవచ్చు, మతిమరుపు నిజంగానే ఉండి ఉండొచ్చు కూడా, ఇప్పుడే ఏదీ చెప్పలేనని డాక్టర్ ఫర్హానా దాచకుండా చెప్పింది. మూడు నెలలు ఆగగలిగితే ఆగమంది. సరోజన ఆగింది. పగటి షిఫ్టుల్లో ఓదెలు దుకాణంలోనే ఉండేట్టు, మిగతా షిఫ్టుల్లో మహబూబ్ భాయ్ ఇంట్లో పడుకునేట్టు ఒప్పందం కుదిరింది. 'మా ఇంట్లో ఏడుగురం ఉన్నం, ఎనిమిదో మనిషి ఎవరికీ కనబడడు' అన్నాడట ఆయన. బోర్డు రాసిన నిరంతర పర్యవేక్షణను ఒక టైలరు అమలుచేశాడు.

డాక్టర్ ఫర్హానా మెడికల్ బుక్కులో ఏ మందు ఎందుకు ఆపిందో పూర్తి వాక్యాల్లో రాసి, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ వేసి సంతకం పెట్టింది. ఆ బుక్కులో పూర్తి వాక్యం ఉన్న పేజీ అదొక్కటే.

రెండు వారాల్లో నోరెండడం, మలబద్ధకం పోయాయి. మతిమరుపు మాత్రను కూడా డాక్టర్ ఫర్హానా అప్పటికే ఆపేసింది. నెల దాటేసరికి పేర్లు తడబడడం తగ్గింది. కౌంటరు దగ్గరకొచ్చి మా డ్రెస్సరు ముగ్గురు పిల్లల పేర్లూ వరసగా చెప్పి వెళ్లాడు. ఆగస్టులో నడకలో చేతులు మళ్లీ ఊగాయి. వేళ్లు మాత్రం మొండికేశాయి. సెప్టెంబరు చివరి వారంలో ఒక సాయంత్రం మహబూబ్ భాయ్ ఫోను చేసి, ఒక చొక్కా పూర్తయిందని చెప్పాడు. ఆరు గుండీలకు మధ్యాహ్నం దాకా పట్టిందట, అందులో రెండు ఓదెలే విప్పి మళ్లీ వేశాడట. హోముకు వెళ్లలేదు. కుడి బొటనవేలు కొద్దిగా వణకడం నేను రిటైరయ్యేదాకా అలాగే ఉంది. అది మేమిచ్చిందే, మిగిలిపోయింది.

ఒకరోజు అతను థైరాయిడు మాత్రలకు వచ్చినప్పుడు, ఆ తెల్ల గోలీల వల్లే చేతులు వణికాయని, వాటిలో ఐదు నెలలవి నేనే ఇచ్చానని, తప్పయిందని చెప్పాను. అతను కవరు విప్పి లోపల ఏముందో చూసుకున్నాడు.

"నేను చెప్పిన గదక్కా," అన్నాడు. "నువ్వు రాసుకోలె."

అందులో కోపం లేదు. ఫిర్యాదు కూడా కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే.

ఇక సంస్థ ఏం నేర్చుకుందో కూడా రాయాలి. ఆ ఏటి వార్షిక సమీక్షలో సూపరింటెండెంట్ గారు 'మన వైద్య బృందం సకాలంలో స్పందించి' ఒక అరుదైన కేసును నయం చేసిందని తెర మీద బొమ్మలతో వివరించారు. చప్పట్లు మోగాయి. అందులో నావి కూడా ఉన్నాయి, ఎందుకంటే మా వరసలో అందరూ కొడుతున్నారు. డాక్టర్ ఫర్హానా కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. నా మెమోను 'ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను' అన్న సూచనతో మూసేశారు. అన్ని డిస్పెన్సరీలకూ ఒక సర్క్యులరు వచ్చింది. పొడి అక్షరాల వల్ల అపార్థాలకు అవకాశముంది కాబట్టి డాక్టర్లు ఇకపై సి.ఎస్.టి. అని రాయరాదు, స్పష్టంగా, పూర్తిగా 'కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్' అని రాయాలి.

కొన్నాళ్లు అలాగే రాశారు. చేతులు నొప్పి పుట్టి మానేశారు.

నేను నేర్చుకున్నది చిన్నది, పనికి సంబంధించినది. రోగికి కొత్త బాధ ఏదైనా మొదలైతే, అతను ఏ జబ్బుతో పుట్టాడన్నది తర్వాతి ప్రశ్న. ముందు చూడాల్సింది ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఎప్పుడు ఆపాలని రాసి ఉంది అన్నది. మిగిలిన సర్వీసులో ప్రతి కవరు మీదా ఆ రెండు తేదీలూ రాసి ఇచ్చాను. మందు వేసుకునే మనిషినే, పక్కనున్నవాళ్లను కాదు, వేసుకున్నాక ఎలా ఉందని అడిగి, చెప్పింది చెప్పినట్టు బుక్కు అంచున పెన్సిలుతో రాసిపెట్టాను. దానివల్ల క్యూ పెరిగిందని రెండుసార్లు ఫిర్యాదు వచ్చింది.

అలా అడగడం నా హోదాలో లేదని చాలా ఏళ్లు అనుకున్నాను. రిటైరయ్యే ముందు ఫార్మసిస్టు విధుల పత్రం స్టోరు నుంచి తెప్పించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. అడగకూడదని అందులో ఎక్కడా లేదు.